మాయం కావు... మునుగుతాయి!

నడి సముద్రంలో వెళ్తున్న ఓడ కబురు లేకుండా పోతుంది. నీటి మీద ఎగురుతున్న విమానం రాడార్ తెర మీద నుంచి చెరిగిపోతుంది. ఒక్క కేక ఉండదు, ఒక్క సందేశం ఉండదు. ఎంత వెదికినా చెక్కముక్క కూడా దొరకదు. ఇంకేముంది... దెయ్యాల త్రికోణమనీ, గ్రహాంతరవాసులనీ, సముద్రం అడుగున మాయానగరం ఉందనీ కథలు మొదలవుతాయి. కానీ ఒక్కో సంఘటననూ ఓపిగ్గా తవ్వి చూస్తే బయటపడేది మాయ కాదు. గాలి, నీరు, బరువు, చీకటి, అప్పుడప్పుడూ మనిషి పొరపాటు. అలాంటి ఓ కథ ఎక్కడో థాయ్‌లాండ్‌లో మొదలై మన నెల్లూరు జిల్లా కావలి దాకా వచ్చింది!

అక్కడ ఓడ... ఇక్కడ ఊరు

1989 నవంబరు 3. థాయ్‌లాండ్ సింధుశాఖలో 'సీక్రెస్ట్' అనే ఓడ లంగరేసి ఉంది. సముద్రం అడుగున సహజవాయువు బావులు తవ్వే డ్రిల్లింగ్ ఓడ అది. దాదాపు 4,400 టన్నులది. అందులో 97 మంది ఉన్నారు. ఆ రోజు తర్వాత ఓడ నుంచి కబురు లేదు. ప్రమాదంలో ఉన్నామన్న సంకేతం కూడా రాలేదు. మర్నాటికి ఓడ గల్లంతైందని తేలింది. ఆ మర్నాడు, అంటే 5వ తేదీన, వెదకడానికి వెళ్లిన హెలికాప్టర్ కంట పడింది... తలకిందులుగా తేలుతూ! 91 మంది చనిపోయారు. ఆరుగురే బతికి బయటపడ్డారు.

అంత పెద్ద ఓడ ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా తిరగబడింది? జవాబు ఆకాశంలో ఉంది. ఆ సింధుశాఖలోనే ఓ చిన్న వాయుగుండం పుట్టి చూస్తుండగానే పెనుతుపానుగా మారింది. దాని పేరు 'గే'. 1891 తర్వాత థాయ్‌లాండ్ గడ్డను తాకిన మొదటి టైఫూన్ అదే. అంటే ఆ సముద్రంలో పనిచేసేవాళ్లలో ఎవరికీ అలాంటిది చూసిన అనుభవం లేదు. తుపాను పరిధి చిన్నది. కానీ బలం పుంజుకున్న వేగం అసాధారణం. ఆరు నుంచి పదకొండు మీటర్ల ఎత్తున కెరటాలు లేచాయి. పైగా సీక్రెస్ట్ డెరిక్‌లో వేల అడుగుల డ్రిల్ పైపులు నిలబెట్టి ఉన్నాయి. బరువంతా పైన ఉంటే ఏమవుతుంది? నెత్తిన నిండు బిందె పెట్టుకుని ఊగే పడవలో నిలబడ్డవాడికి ఏమవుతుందో అదే! సహాయం కోరే వ్యవధి కూడా లేకుండా ఓడ ఒరిగిపోయింది. ఆ తుపాను సముద్రం మీద తీసుకున్న ప్రాణాలు మొత్తం 275. వాటిలో ఎక్కువ భాగం చేపల పడవల్లోనివాళ్లవే.

'గే' అక్కడితో ఆగలేదు. థాయ్‌లాండ్‌లోని చుంఫాన్ రాష్ట్రాన్ని చిదిమేసి, సన్నటి భూభాగాన్ని దాటి, అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతంలోకి వచ్చింది. నేల మీద నడిచినప్పుడు కాస్త నీరసించినా, వెచ్చటి నీళ్లు దొరకగానే మళ్లీ ప్రాణం పోసుకుంది. నవంబరు 8న గంటకు 260 కిలోమీటర్ల గాలులతో పతాకస్థాయికి చేరింది. తర్వాత తీరం దాటింది... కావలి దగ్గర! అందుకే ప్రపంచం 'గే' అని పిలిచే ఆ తుపాను మనకి 'కావలి తుపాను'గానే తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 20 వేల ఇళ్లు దెబ్బతినడమో నేలమట్టం కావడమో జరిగింది. లక్ష మంది నిరాశ్రయులయ్యారు. మన దేశంలో 69 మంది చనిపోయారు.

ఒక్కసారి ఊహించండి. సీక్రెస్ట్ తేలకుండా పూర్తిగా మునిగిపోయి ఉంటే? తుపాను వెళ్లిపోయి, ఎండ కాసి, సముద్రం అద్దంలా మారాక వెదికినవాళ్లకి ఏం కనిపించేది? ఏమీ లేదు! 'నిర్మలమైన సముద్రంలో 97 మందితో ఓడ మాయం' అన్న కథ ఈ పాటికి పుస్తకాలకెక్కేది. మిస్టరీలు పుట్టేది సరిగ్గా అలాగే.

త్రికోణం పుట్టిందిలా

సముద్రంలో మాయమవడం అనగానే అందరికీ గుర్తొచ్చేది బెర్ముడా ట్రయాంగిల్. అట్లాంటిక్‌లో ఫ్లోరిడా, బెర్ముడా, పోర్టోరికోల మధ్య గీసిన ఊహారేఖల త్రికోణం అది. ఏ దేశపు అధికారిక పటంలోనూ ఆ పేరు ఉండదు. 1964లో విన్సెంట్ గాడిస్ అనే రచయిత ఓ పత్రికలో రాసిన వ్యాసంతో ఆ పేరు పుట్టింది. 1974లో చార్లెస్ బెర్లిట్జ్ రాసిన పుస్తకం లక్షల కాపీలు అమ్ముడై దాన్ని ఇంటింటికీ చేర్చింది.

అయితే అరిజోనాలో లారీ కుషే అని ఓ లైబ్రరీ ఉద్యోగి ఉండేవాడు. ట్రయాంగిల్ గురించి సమాచారం కావాలని విద్యార్థులు తరచూ అడుగుతుంటే అసలు సంగతేమిటో చూద్దామని కూర్చున్నాడు. ఒక్కో సంఘటన తేదీ పట్టుకుని ఆనాటి దినపత్రికలు, వాతావరణ నివేదికలు, దర్యాప్తు కాగితాలు తిరగేశాడు. 'ప్రశాంతంగా ఉన్న సముద్రంలో మాయం' అని రాసిన చోట్ల ఆ రోజు భీకరమైన తుపాను ఉంది! త్రికోణంలో పోయిందని చెప్పిన ఓడల్లో కొన్ని ఎక్కడో దూరాన మునిగాయి. ఒకటైతే ఏకంగా పసిఫిక్ మహాసముద్రానిది. 1975లో ఆయన ఇవన్నీ పుస్తకంగా వేశాడు. చిత్రం ఏమిటంటే... మాయ గురించి చెప్పిన పుస్తకం గుర్తున్నంతగా నిజం చెప్పిన పుస్తకం జనానికి గుర్తులేదు.

ఆ ప్రాంతంలో ప్రమాదాలు జరగవని కాదు. అమెరికా తూర్పు తీరానికి, కరీబియన్ దీవులకి మధ్య నిత్యం వందల ఓడలు, విమానాలు తిరిగే రద్దీ దారి అది. హరికేన్లు వస్తాయి. గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన ప్రవాహం ఉంది. రద్దీ రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువ ఉన్నట్టే ఇదీను. అంతే రద్దీగా ఉండే మిగతా సముద్రాలతో పోలిస్తే అక్కడ గల్లంతులు ఎక్కువన్న ఆధారమేదీ లేదని అమెరికా సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ 'నోవా' స్పష్టంగా చెబుతోంది.

త్రికోణం కథల్లో పెద్దది 'సైక్లోప్స్'. అమెరికా నౌకాదళానికి చెందిన ఈ ఓడ 1918 మార్చిలో బార్బడోస్ నుంచి బయల్దేరి 306 మందితో గల్లంతైంది. ఇందులో కథలు చెప్పేవాళ్లు వదిలేసే సంగతులు రెండున్నాయి. ఓడ నిండా పది వేల టన్నులకు పైగా మాంగనీసు ఖనిజం ఉంది. రెండు ఇంజిన్లలో ఒకటి పాడైంది. మరో సంగతి ఇంకా ఆలోచింపజేసేది. అదే నమూనాలో కట్టిన ప్రోటియస్, నీరియస్ అనే ఓడలు రెండూ 1941లో అలాంటి బరువైన ఖనిజమే వేసుకుని వెళ్తూ గల్లంతయ్యాయి. ఒకే తరహా ఓడలు, ఒకే తరహా సరుకు, ఒకే తరహా ముగింపు. దెయ్యం కంటే ముందు అనుమానించాల్సింది ఓడ నడుము బలాన్ని!

రాకాసి అల

'ఆకాశాన్నంటే గోడలాంటి కెరటం వచ్చింది' అని పాత నావికులు చెబుతుంటే ఒడ్డునున్న పండితులు నవ్వేవారు. కల్లు మాటలని కొట్టిపారేసేవారు. 1995 జనవరి 1న ఆ నవ్వు ఆగిపోయింది. ఉత్తర సముద్రంలో 'డ్రాప్నర్' అనే సహజవాయువు ప్లాట్‌ఫాం మీద అలల ఎత్తు కొలిచే లేజర్ పరికరం ఉంది. ఆ రోజు తుపానులో చుట్టూ పన్నెండు మీటర్ల స్థాయి అలలు లేస్తున్నాయి. ఉన్నట్టుండి ఒకటి వచ్చింది... 25.6 మీటర్లు! దాదాపు ఎనిమిది అంతస్తుల మేడంత. మనిషి చెబితే నమ్మనివాళ్లు యంత్రం చెప్పాక నమ్మక తప్పలేదు.

ఇలాంటివి ఎలా పుడతాయి? సముద్రం మీద అలలన్నీ ఒకే వేగంతో నడవవు. పొడుగు అలలు వేగంగా, పొట్టివి నెమ్మదిగా పోతాయి. వేర్వేరు దిక్కుల నుంచి, వేర్వేరు తుపానుల నుంచి వచ్చినవి ఎక్కడో ఒకచోట ఒకే క్షణంలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కాసేపు కొండలా నిలబడి మళ్లీ విడిపోతాయి. బలమైన ప్రవాహానికి ఎదురుగా అలలు వచ్చినప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో అగుల్హాస్ ప్రవాహం అందుకే నావికులకి హడల్. 1909 జులైలో డర్బన్ నుంచి కేప్‌టౌన్‌కి బయల్దేరిన 'వారాటా' అనే ప్రయాణికుల ఓడ 211 మందితో గల్లంతైంది ఆ దారిలోనే.

జర్మనీకి చెందిన 'మ్యూనిచ్' సరుకుల ఓడ కూడా అంతే. 1978 డిసెంబరులో అట్లాంటిక్ తుపానులో 28 మందితో మునిగిపోయింది. దొరికిన కొద్ది ఆనవాళ్లలో ఓ లైఫ్‌బోటు ఉంది. ఓడ మీద అది నీటిమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తున వేలాడుతుండాలి. దాన్ని పట్టి ఉంచే ఇనుప పిన్నులు ముందు నుంచి వెనక్కి వంగిపోయి ఉన్నాయి. అంత ఎత్తున, అంత బలంగా కొట్టింది నీరు తప్ప మరేముంటుంది?

సరుకే నీరైతే?

అలలేమీ లేకుండా కూడా ఓడ ఒరిగిపోవచ్చు. తుమ్మలపెంట బీచ్‌లో తడి ఇసుక మీద నిలబడి కాళ్లతో టపటపా తొక్కి చూడండి. గట్టిగా ఉన్న ఇసుక కాసేపటికి మెత్తబడి, నీరు పైకి ఊరి, పాదాలు దిగబడతాయి. ఇసుక రేణువుల మధ్య ఉన్న నీరు కుదుపులకి పైకి తన్నడమే దీనికి కారణం. దీన్నే శాస్త్రవేత్తలు ద్రవీకరణం అంటారు.

ఇప్పుడు అదే ఇసుక బదులు ఓడ అడుగున వేల టన్నుల సన్నటి ఇనుప ఖనిజం పొడి ఉందనుకోండి. వానలో తడిసిన పొడిని అలాగే నింపేశారు. చూడ్డానికి గట్టిగా, గుట్టగా ఉంటుంది. సముద్రంలోకి వెళ్లాక ఇంజిన్ అదురు, అలల ఊపు రాత్రింబవళ్లు తగులుతుంటే ఓ దశలో ఆ గుట్ట జావలా మారిపోతుంది. ఓడ ఓ పక్కకి ఒరిగితే సరుకంతా ఆ పక్కకి జారుతుంది. తిరిగి రాదు. నిమిషాల్లో ఓడ బోర్లా పడుతుంది. రేడియో అందుకునే లోపే అంతా అయిపోవచ్చు.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2009 వానాకాలంలో రెండు నెలల తేడాతో మన దేశ తీరంలోనే రెండు ఓడలు పోయాయి. జులైలో మంగళూరు దగ్గర 'ఏసియన్ ఫారెస్ట్', సెప్టెంబరులో ఒడిశాలోని పరదీప్ దగ్గర 'బ్లాక్ రోజ్'. రెండింటిలోనూ ఉన్నది ఇనుప ఖనిజం పొడే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవు నుంచి కూడా ఆ రోజుల్లో ఈ సరుకు ఎగుమతయ్యేది కాబట్టి ఇక్కడివాళ్లకి ఇది పరాయి కథ కాదు. సరుకులో తేమ ఎంత ఉందో పరీక్షించి, హద్దు దాటితే ఎక్కించకూడదన్న అంతర్జాతీయ నియమావళి 2011 జనవరి 1 నుంచి తప్పనిసరైంది.

అడుగున మండే మంచు

ఈ మధ్య కాలంలో బాగా ప్రచారమైన వాదన ఇంకోటుంది. సముద్రం అడుగున గడ్డకట్టిన మీథేన్ వాయువు ఒక్కసారిగా బుడగలుగా పైకి లేస్తుందనీ, నీరు పలచబడి ఓడ రాయిలా దిగిపోతుందనీ అంటారు. వినడానికి ఇది శాస్త్రంలాగే ఉంటుంది. సగం నిజం కూడా. బుడగలున్న నీటికి సాంద్రత తక్కువ. నమూనా ఓడలతో చేసిన ప్రయోగాల్లో పెద్ద బుడగ ఓడను ముంచగలదని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో చూపించారు.

ఆ గడ్డకట్టిన వాయువు మనకీ ఉంది, ఆ మాటకొస్తే దండిగా ఉంది! 2006లో 'జాయిడెస్ రెజల్యూషన్' అనే పరిశోధక ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వి చూస్తే ఒకచోట ఏకంగా 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ పొరలు బయటపడ్డాయి. చూడ్డానికి మంచుగడ్డలా ఉంటుంది. అగ్గిపుల్ల చూపిస్తే మండుతుంది. అయితే, అడుగున వాయువు ఉన్నంత మాత్రాన ఓడలు మునగాలని లేదు. పైనున్న నీటి బరువు, అడుగునున్న చల్లదనం దాన్ని అదిమి ఉంచుతాయి. బెర్ముడా ప్రాంతంలోనైతే గత 15 వేల ఏళ్లలో భారీగా మీథేన్ వెలువడిన దాఖలాలే లేవని అమెరికా భూగర్భ సర్వే సంస్థ తేల్చింది. 'ఇలా జరగడం సాధ్యమే' అన్నదానికీ, 'ఇలాగే జరిగింది' అన్నదానికీ చాలా దూరం. మాయను వదిలించుకునే తొందరలో మరో మాయను తగిలించుకోకూడదు కదా!

ఆకాశంలో దారి తప్పితే...

విమానాల సంగతి వేరు. 1945 డిసెంబరు 5న ఫ్లోరిడా నుంచి శిక్షణ కోసం బయల్దేరిన అయిదు అవెంజర్ యుద్ధ విమానాలు 14 మందితో గల్లంతయ్యాయి. 'ఫ్లైట్ 19' పేరుతో త్రికోణం కథలకి ఇదే మూలస్తంభం. కానీ ఆ రోజు రేడియోలో జరిగిన సంభాషణలు నమోదై ఉన్నాయి. దిక్సూచి పనిచేయడం లేదని దళ నాయకుడు అనుకున్నాడు. కింద కనిపిస్తున్న దీవులు ఫ్లోరిడాకి దక్షిణాన ఉన్నవని పొరబడ్డాడు. నిజానికి వాళ్లు తూర్పున బహామాస్ మీద ఉన్నారు. ఇంటికని తిరిగిన ప్రతిసారీ దారి ఇంకా తప్పింది. చీకటి పడింది. సముద్రం అల్లకల్లోలమైంది. ఇంధనం అయిపోయింది. వాళ్లని వెదకడానికి 13 మందితో వెళ్లిన మెరీనర్ విమానం కూడా మాయమైందంటారు. కానీ అది బయల్దేరిన కొద్దిసేపటికే ఆ దారిన పోతున్న ఓ ఓడ సిబ్బంది ఆకాశంలో మంటలు చూశారు. ఇంధనపు ఆవిర్లు లోపల చేరే స్వభావం ఉన్న ఆ రకం విమానాలకి 'ఎగిరే గ్యాస్ ట్యాంకులు' అన్న చెడ్డపేరు అప్పటికే ఉంది.

ఇంత పాత కథలే కాదు. 2009 జూన్ 1న బ్రెజిల్ నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్‌ఫ్రాన్స్ 447 విమానం 228 మందితో అట్లాంటిక్‌లో అదృశ్యమైంది. రెండేళ్ల తర్వాత 2011 ఏప్రిల్‌లో దాదాపు 3,900 మీటర్ల లోతున శకలాలు దొరికాయి. బ్లాక్‌బాక్సులు అసలు సంగతి చెప్పాయి. పెద్ద మేఘాల్లోంచి వెళ్తుండగా వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పలుకులు చేరాయి. వేగం తెలియక ఆటోపైలట్ ఆగిపోయింది. చిమ్మచీకట్లో పైలట్లు అయోమయపడి విమానం ముక్కు పైకెత్తారు. రెక్కలు గాలి పట్టు కోల్పోయాయి. 38 వేల అడుగుల ఎత్తు నుంచి నాలుగు నిమిషాల లోపే నీళ్లలో పడిపోయింది. బ్లాక్‌బాక్సులు దొరకకపోయి ఉంటే ఇది కూడా శాశ్వతంగా 'మిస్టరీ' అయ్యేదే.

బంగాళాఖాతం దాచుకున్న విమానం

2016 జులై 22. ఉదయం 8.30కి చెన్నై పక్కనున్న తాంబరం నుంచి వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 విమానం పోర్ట్‌బ్లెయిర్‌కి బయల్దేరింది. అందులో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ముప్పావుగంట తిరక్కుండానే సంబంధాలు తెగిపోయాయి. 23 వేల అడుగుల ఎత్తున ఉన్న విమానం ఎడమకి తిరిగి వేగంగా కిందికి దిగిపోవడమే రాడార్ చివరిగా చూసింది.

ఓడలు, జలాంతర్గామి, విమానాలు, ఉపగ్రహాలు... అన్నీ రంగంలోకి దిగాయి. ఒక్క ముక్కా దొరకలేదు. సెప్టెంబరులో అన్వేషణ ఆపేసి, అందరూ చనిపోయినట్టే భావించాల్సి వచ్చింది. 'బంగాళాఖాతంలోనూ ఓ త్రికోణం ఉందా?' అన్న కబుర్లు అప్పుడే మొదలయ్యాయి.

ఏడున్నరేళ్లు గడిచాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మనిషి లేకుండా దానంతటది లోతుకి వెళ్లి వెదికే జలాంతర వాహనాన్ని ఆ ప్రాంతానికి పంపింది. శబ్ద తరంగాలతో అడుగును తడుముతూ, ఫొటోలు తీస్తూ వెళ్లిన ఆ వాహనానికి 3,400 మీటర్ల లోతున, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో కూలిన విమానం శకలాలు కనిపించాయి. ఫొటోలను పరిశీలించాక అవి ఏఎన్-32వేనని 2024 జనవరిలో రక్షణశాఖ ప్రకటించింది. ఆ చుట్టుపక్కల గల్లంతైన మరో విమానమేదీ లేదు. మాయలో కలిసిపోయిందనుకున్న విమానం అన్నాళ్లూ అక్కడే ఉంది!

అంతకు ఏడాది ముందు, 2015 జూన్ 8న తమిళనాడు తీరంలో గల్లంతైన కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం మాత్రం నెల రోజులకే దొరికింది. కారణం... దాని నుంచి వెలువడిన శబ్ద సంకేతాన్ని నౌకాదళ జలాంతర్గామి సింధుధ్వజ్ పసిగట్టింది. పైగా అది పడింది వెయ్యి మీటర్ల లోపు లోతులోనే. దొరకడానికీ దొరక్కపోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి ఇంతే.

ఎందుకు దొరకవంటే...

'ఉపగ్రహాలతో వీధిలో స్కూటర్ని కూడా చూస్తున్నారు, సముద్రంలో విమానాన్ని చూడలేరా?' ఇది అందరికీ వచ్చే సందేహం. చూడలేరు! నీటిలోకి రెండు వందల మీటర్లు దిగితే చాలు వెలుతురు నామమాత్రం. వెయ్యి దాటితే కటిక చీకటి. రేడియో తరంగాలు ఉప్పునీటిలో సాగవు. కాబట్టి జీపీఎస్, ఫోను, రాడార్ అన్నీ నీటి ఉపరితలం దగ్గరే ఆగిపోతాయి. మిగిలేది శబ్దం ఒక్కటే. 3,400 మీటర్ల లోతున పీడనం మనం ఉన్నచోటి కంటే 340 రెట్లు. అక్కడికి వెళ్లగలిగే యంత్రాలు ప్రపంచంలోనే కొన్ని. బ్లాక్‌బాక్సుకి తగిలించే శబ్ద పరికరం బ్యాటరీ చాలా కాలం పాటు 30 రోజులే వచ్చేది. ఇప్పుడు 90 రోజులకి పెంచారు.

పైగా సముద్రం ఏదీ ఉన్నచోట ఉంచదు. నడి సముద్రంలో ఇంజిన్ ఆగిన పడవ గంటకు రెండు కిలోమీటర్లు కొట్టుకుపోతోందనుకుందాం. ఎటు పోయిందో తెలియదు. ఒక్క రోజులో వెదకాల్సిన వలయం ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మూడు రోజులకి 65 వేల చదరపు కిలోమీటర్లు. అంటే పాత ఉమ్మడి నెల్లూరు జిల్లాకి అయిదింతలు! మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చిన కబురు ఖరీదు అది.

తీరంలో అసలు భయం

పత్రికల పతాక శీర్షికలకెక్కేవి పెద్ద ఓడలు, విమానాలే. కానీ తుమ్మలపెంట, జువ్వలదిన్నె లాంటి ఊళ్లలో గల్లంతు అనే మాటకి అర్థం వేరే. పొద్దున్నే వేటకి వెళ్లిన బోటు సాయంత్రానికి రాకపోవడం. ఒడ్డున ఆడవాళ్లు గంగమ్మకి మొక్కుకుంటూ చీకట్లోకి చూస్తూ నిలబడటం.

ఈ గల్లంతుల వెనక ఉండేవీ మామూలు కారణాలే. ఇంజిన్ మొరాయించడం, వల పంకకి చుట్టుకోవడం, రాత్రిపూట పెద్ద ఓడ ఢీకొట్టడం, ఉన్నట్టుండి గాలి తిరగడం. మన తూర్పు తీరం వెంబడి నీటి ప్రవాహం ఏడాది పొడుగునా ఒకే దిక్కుకి పోదు. వేసవికి ముందు ఉత్తరానికి బలంగా పారే నీరు, అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. కావలి ఎదుట ఇంజిన్ ఆగిన పడవ మార్చిలో ఒక దిక్కున వెదకాల్సి ఉంటే, నవంబరులో దానికి సరిగ్గా ఎదురు దిక్కున వెదకాలి. పెద్ద మత్స్యకారులు అనుభవంతో చెప్పే ఈ లెక్కనే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కంప్యూటర్‌కి నేర్పింది. 'సరాట్' పేరుతో 2016లో వచ్చిన ఈ సాధనానికి వస్తువు చివరిగా ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో, అది మనిషా, పడవా, లైఫ్‌బోటా అన్నది చెబితే గాలి, ప్రవాహాలను లెక్కగట్టి ఎక్కడ వెదకాలో పటం మీద చూపిస్తుంది. సెల్ సిగ్నల్ అందని చోట నుంచి మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరాన్ని ఇస్రో రూపొందించింది. కబురు అందిందనీ, సాయం వస్తోందనీ పడవలోనివాళ్లకి తిరిగి చెప్పే కొత్తరకం కూడా 2024లో వచ్చింది.

తుపానుల విషయంలోనూ 1989 నాటి పరిస్థితి లేదు. చెన్నై, శ్రీహరికోట, మచిలీపట్నంలలో డాప్లర్ రాడార్లున్నాయి. రోజుల ముందే హెచ్చరికలు వస్తున్నాయి. అయితే కావలి తుపాను నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు. చిన్నగా ఉందని చులకన చేయకూడదు. వెచ్చటి నీటి మీద రాత్రికి రాత్రే బలపడే తుపానులు ఇప్పటికీ వాతావరణ శాస్త్రవేత్తలకి పెద్ద సవాలే.

నిజం తెలిస్తే ఏం లాభం?

పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. కారణం ఏదైతేనేం? అంటారు కొందరు. ఆ మాట గల్లంతైనవారి ఇంట్లో అనలేరు. చావు కళ్లారా చూసిన ఇంట్లో ఏడ్చి, కర్మ చేసి, మెల్లగా తేరుకుంటారు. గల్లంతైన ఇంట్లో అదీ కుదరదు. బొట్టు తీయాలా ఉంచాలా తెలియని భార్య, ఏ తలుపు చప్పుడైనా కొడుకే వచ్చాడనుకునే తల్లి. చట్టం కూడా ఓ పట్టాన ఒప్పుకోదు. ఏడేళ్ల పాటు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావించవచ్చన్నది మన సాక్ష్య చట్టంలో సాధారణ సూత్రం. ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్ణయం తీసుకుంటే తప్ప పరిహారం, బీమా, బ్యాంకు ఖాతా... ప్రతిదానికీ ఓ చిక్కుముడే. ఇలాంటి కుటుంబానికి 'అదో మిస్టరీ' అన్న మాట ఓదార్పు కాదు, శిక్ష.

బ్రిటన్‌కి చెందిన 'డర్బీషైర్' కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1980 సెప్టెంబరులో జపాన్ దగ్గర టైఫూన్‌లో చిక్కుకుని 44 మందితో మునిగిపోయింది. ఒక్క సందేశమూ రాలేదు. సముద్రం అన్నాక తప్పదని సరిపెట్టుకోమన్నారు. ఆ కుటుంబాలు సరిపెట్టుకోలేదు. సంఘంగా ఏర్పడి పధ్నాలుగేళ్లు పోరాడారు. 1994లో నాలుగు వేల మీటర్లకు పైగా లోతున ఓడ దొరికింది. వేల ఫొటోలు తీశారు. తుపాను అలల తాకిడికి ఓడ ముందు భాగంలో గాలిగొట్టాల మూతలు ఊడిపోయాయి. అక్కడి నుంచి నీరు లోపలికి చేరింది. ముక్కు బరువెక్కి కిందికి వంగింది. పెద్ద అలలు సరుకు గదుల మూతల మీద పడి వాటిని ఒక్కొక్కటిగా చిదిమేశాయి. సిబ్బంది తప్పు లేదని 2000లో వెలువడిన తీర్పు తేల్చింది. ఆ తర్వాత అలాంటి ఓడల మూతలు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే నిబంధనలే మారాయి.

దెయ్యం ముంచిందనుకుంటే చేయగలిగిందేమీ లేదు. మూత విరిగి మునిగిందని తెలిస్తే మూతను గట్టిగా చేయొచ్చు. సరుకు తడిసి మునిగిందని తెలిస్తే తడి సరుకు ఎక్కించకుండా ఆపొచ్చు. పడవ ఎటు కొట్టుకుపోతుందో తెలిస్తే అటే ఎదురెళ్లి పట్టుకోవచ్చు. వేటకి బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లడం... ఏ ఉపగ్రహమూ అక్కర్లేని, పైసా ఖర్చులేని పని. రేపు గల్లంతు కావాల్సిన ఓ పడవ తిరిగి ఒడ్డు చేరడానికి ఒక్కోసారి ఆ ఒక్క మాట చాలు.